రెండంగుళాల గుంత

నా ఉద్యోగమంతా నేలకు రంధ్రాలు వేయడమే. ఈ ద్వీపంలో ఎక్కడ భవనం లేవాలన్నా, ఎక్కడ రైలు దారి పడాలన్నా, ముందు మాలాంటివాళ్ళు వెళ్ళి నేలలోకి ఇనుప గొట్టం దింపి చూడాలి. పైనుంచి సుత్తి పడుతుంటే, గొట్టం అడుగు లోతు దిగడానికి ఎన్ని దెబ్బలు పట్టాయో రాసుకోవాలి. మెత్తటి నేలకు నాలుగైదు దెబ్బలు చాలు. గట్టి నేలకు యాభై కొట్టినా గొట్టం కదలదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ దెబ్బలు లెక్కపెట్టి రిటైరయ్యాను.

డైరీ రాయడం అంతకంటే పాత అలవాటు. అనంతపురంలో పాలిటెక్నిక్ చదివే రోజుల్లో మొదలుపెట్టాను. వాతావరణం, తిన్నది, ఇంటికి వచ్చినవాళ్ళు, నేను వెళ్ళిన చోట్లు. మనసులో ఏమనుకున్నానో రాయను. జరిగింది రాస్తాను. రోజుకు ఎనిమిది వరుసలు దాటను. డైరీలన్నీ హాల్లో గాజు తలుపుల బీరువాలో ఏడాది వారీగా ఉన్నాయి. వాటిని వెనక్కి తిప్పి చదివింది మాత్రం లేదు.

నా భార్య అనేది: "రాసి బీరువాలో దాసేదానికి ఇంత కష్టమెందుకు? ఒక దినమన్నా తిప్పి చూస్తివా?"

"చూడాల్సినప్పుడు చూస్తాలే" అనేవాణ్ణి.

చూడాల్సిన రోజు వచ్చింది. అప్పటికి ఆమె లేదు.

కుందేలు మా ఇంటికి వచ్చింది మా మనవరాలి వల్ల. మా అమ్మాయి కుటుంబం ఇదే ద్వీపంలో యూ టీ అనే పేటలో ఉంటుంది, మేం బుకిట్ బటోక్‌లో. మనవరాలికి అప్పుడు తొమ్మిదేళ్ళు. ఆమెతో చదివే పిల్ల ఇంట్లోవాళ్ళు వేరే దేశానికి వెళ్ళిపోతూ కుందేలును ఎవరికైనా ఇచ్చేస్తామన్నారట. మనవరాలు అడిగి తెచ్చేసుకుంది. తెచ్చిన గంటకే మా అల్లుడికి తుమ్ములు పట్టుకున్నాయి. రాత్రికి కళ్ళు ఎర్రబడి వాచాయి. మర్నాడు పొద్దున్నే పంజరం, గడ్డి మూట, నీళ్ళ సీసా, కుందేలు, ఏడుపు మొహంతో మనవరాలు, అన్నీ మా ఫ్లాట్ గుమ్మం ముందు దిగాయి.

"జస్ట్ కీప్ ఫర్ మీ, అమ్మమ్మా. ప్రతి శనివారం వస్తాను. ప్రామిస్."

"పెంచేది నువ్వు, ఎత్తిపోసేది నేను. బాగుందమ్మా నీ లెక్క" అని నా భార్య నవ్వింది. అప్పటికే పంజరం ముందు కూర్చుని కొత్తిమీర కాడ లోపలికి పెట్టింది.

ఆడ కుందేలు. తెల్లగా ఎర్రకళ్ళతో ఉండే రకం కాదు. ఎండిన గడ్డి రంగూ మట్టి రంగూ కలిసిన ఒళ్ళు, మెడ వెనక కొంచెం ఎరుపు. చూడగానే నాకు మా ఊరి కుందేళ్ళు గుర్తొచ్చాయి. మనవరాలు దానికి ఏదో ఇంగ్లీషు పేరు పెట్టింది. నా భార్య మాత్రం "ఏమ్మే" అనే పిలిచేది. అది దానికే పలికేది.

ఆ మొదటి నెలలో ఒక శనివారం నేను మనవరాలికి మా నాన్న కథ చెప్పాను. మా చేలన్నీ వేరుశనగ. కోతలయ్యాక కుందేళ్ళు బయటపడేవి. మా నాన్న గట్టున నడుస్తూ ఒక్కోచోట ఆగి, గడ్డిలో చేతి వెనక భాగం ఆనించి చూసేవాడు. కుందేలు పడుకున్న చోట గడ్డి దాని ఒంటి ఆకారంలో నలిగి ఉంటుంది. వెచ్చగా ఉంటే ఇప్పుడే లేచిపోయిందని అర్థం. దానికి బొరియ ఉండదు. ఆకాశం కిందే పడుకుంటుంది, ఆకాశం కిందే ఈనుతుంది. పిల్లలు బొచ్చుతో, కళ్ళు తెరుచుకునే పుడతాయి. పుట్టిన గంటకే చెదిరి తలా ఒక పొదలో కూర్చుంటాయి. మనిషి అలికిడైతే చివరిదాకా రాయిలా ఉండి, ఒక్కసారిగా లేచిందంటే ఇక కంటికి దొరకదు.

మనవరాలు అంతా విని తల అడ్డంగా ఊపింది. ఈ ఊరి పిల్లలు మాట చివర ఊరికే 'లా' తగిలిస్తారు, తనూ అంతే.

"మీ నాన్న చూసింది హేర్, తాతా, అడవి కుందేలు. ఇది రాబిట్. డిఫరెంట్ లా!"

"ఏం తేడా? రెండింటికీ చెవులే, రెండూ గడ్డే."

"సో మెనీ! హేర్ ఒక్కటే ఉంటుంది. రాబిట్స్ అన్నీ కలిసి ఉంటాయి, నేల కింద. హోల్స్ తవ్వుతాయి, ఒకదానికి ఒకటి జాయిన్ అయి ఉంటాయి. రాబిట్ బేబీస్‌కి ఫర్ ఉండదు, కళ్ళు క్లోజ్డ్. అందుకే మదర్ మెత్తగా బెడ్ చేస్తుంది. డేంజర్ వస్తే హేర్ రన్ చేస్తుంది, రాబిట్ ఇంట్లోకి పోతుంది. అండ్ ఎవరూ హేర్‌ని పెట్‌గా పెంచలేరు. దీని గ్రాండ్‌పేరెంట్స్ గ్రాండ్‌పేరెంట్స్ అందరూ యూరప్ వైల్డ్ రాబిట్స్. బుక్‌లో ఉంది."

"మీ తాతకు ఆవుకూ బర్రెకూ తేడా తెలిసేదానికే పదేండ్లు పట్టింది, పో" అంది నా భార్య వంటింట్లోంచి.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "ఉదయం వర్షం. చపాతీ, సొరకాయ. పాప వచ్చింది. కుందేళ్ళలో రెండు జాతులని చెప్పింది. ఒకటి పరుగెత్తేది, ఒంటరి. ఒకటి తవ్వేది, గుంపు. మనది రెండోది." నా చేతిరాతే. చక్కగా, తప్పుల్లేకుండా.

రాసుకున్నది నా భార్య. అంటే కాగితం మీద కాదు, మనసులో. సాయంత్రం ఆరింటికి పంజరం తలుపు తీసి, హాల్లో చాప పరుచుకుని, కూరగాయల పీట ముందు పెట్టుకుని కూర్చునేది. అది ఆమె మోకాలికి ఆనుకుని పడుకునేది. ఆమె లేచి వంటింట్లోకి వెళితే వెనకే వెళ్ళేది. ఒక్కోసారి చాప అంచు ముందుకాళ్ళతో గబగబా గీరేది. ఆమె అది చూసి నాతో అంది:

"ఇదో, నిన్నే. ఇది తవ్వుకోవల్లని చూస్తాండాది. ఒక తొట్టి మన్ను తెచ్చియ్యి."

"పదకొండో అంతస్తులో మన్నా? ఇల్లంతా దుమ్ము. చీమలు."

"నీ జన్మంతా మన్నులోనే గదా పోయింది. ఒక తొట్టెడు తేలేవా?"

తేలేదు. ఆమె మళ్ళీ అడగలేదు. తన పాత నూలు చీరలు నాలుగు తీసి, బట్టల బీరువా అడుగు అరలో పోగేసి, దాని తలుపు జానెడు తెరిచి ఉంచింది. కుందేలు అందులో దూరి గంటలతరబడి గీరుతుండేది. "నా చీరలన్నా దానికి పనికొచ్చినాయి" అనేది.

పోయిన ఏడాది నా భార్య గుండె జబ్బుతో చనిపోయింది. ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంది. ఆ తొమ్మిది రోజుల్లో స్పృహలో ఉన్న ప్రతి పూటా అడిగింది రెండే. నేను మాత్రలు వేసుకున్నానా, దానికి గడ్డి వేశానా. "దాన్ని ఒంటరిగా పెట్టొద్దు. ఆరింటికి ఇడుస్తాండావు గదా?" అంది. విడుస్తున్నానన్నాను. నిజంగానే విడిచాను. ఆరింటికి తలుపు తీసి, ఏడింటికి మూసేవాణ్ణి. చాప పరవలేదు, కింద కూర్చోలేదు. నా మోకాళ్ళు కింద కూర్చోనివ్వవు.

ఆమె పోయాక పద్ధతి ప్రకారం అన్నీ చేశాను. గడ్డి, నీళ్ళు, ఆకులు, పంజరం కడగడం. కాగితం మీద పట్టిక గీసి గోడకు అంటించాను. పడకగదిలో ఆమె బట్టల బీరువా మాత్రం ముట్టుకోలేదు. ఆ జానెడు సందు అలాగే ఉంది. కుందేలు సాయంత్రం బయటికి రాగానే నేరుగా అందులోకే పోయేది. ఏడింటికి నేను వంగి, ఉలవల డబ్బా ఆడిస్తే బయటికి వచ్చేది. "ఏమ్మే" అని పిలవడం నాకు చేత కాలేదు.

మూడు నెలలు గడిచాయి. ఒక వారంలో దాని తీరు మారిపోయింది. డైరీలో వరసగా ఉంది. సోమవారం: "పంజరం మూల గీరుతోంది. ఆపదు." మంగళవారం: "గడ్డి తినడం లేదు. నోట కరుచుకుని ఇల్లంతా తిరుగుతోంది." బుధవారం: "రొమ్ము మీద బొచ్చు పీక్కుంటోంది. చర్మం కనబడుతోంది. ముట్టుకోబోతే గుర్రుమంది." గురువారం: "తెల్లవారుజామునుంచి ఇనుప చువ్వలు కొరుకుతోంది."

ఇదంతా చూస్తుంటే నాకు ఒక గంప గుర్తొచ్చింది.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు మా నాన్న వలలో పడ్డ కుందేలొకటి ప్రాణంతో ఉంటే, పెంచుకుంటానని మొండికేశాను. "అది పెంచేది కాదురా" అన్నాడు. వినలేదు. గంప బోర్లించి, మీద రాయి పెట్టించాను. అది లోపల గంపకేసి కొట్టుకుంటూనే ఉంది. పొద్దున గంప ఎత్తితే మూతి నిండా రక్తం, ఒళ్ళు కట్టెలా బిగిసి ఉంది. మా నాన్న తిట్టలేదు. "దానికి బయలు కావల్ల. బయలు లేకుంటే గుండె పగిలి చస్తాది" అన్నాడు. ఆ మాట అరవై ఏళ్ళుగా నాలో ఉంది.

చువ్వలు కొరికేది, బొచ్చు పీక్కునేది, తిండి మానేది. నాకు ఒకటే అర్థం కనబడింది. చూసుకునే మనిషి పోయింది. ఇక ఈ గదుల్లో దీనికి గుండె పగులుతుంది. ఇది బయలు అడుగుతోంది. ఇంకో ప్రాణం నా గంప కింద పోకూడదు.

శుక్రవారం ఉదయం ఆరున్నరకు బయల్దేరాను. నా భార్య మార్కెట్టుకు తీసుకెళ్ళే పెద్ద గుడ్డ సంచిలో దాన్ని పెట్టుకున్నాను. సంచిలో అది కదలలేదు. మా బ్లాకు వెనక రోడ్డు దాటి పది నిమిషాలు నడిస్తే గుట్ట, దాని అంచున అడవి. కోసిన పచ్చిక ఒకవైపు, పొదలు ఒకవైపు, మధ్య సిమెంటు కాలువ. జంతువులను వదలరాదని దారి మొదట్లో బోర్డు ఉంది. చదివాను. అది పిల్లుల గురించి, తాబేళ్ళ గురించి అనుకున్నాను. గడ్డి తినేదాన్ని గడ్డిలో వదిలితే తప్పేముంది?

సంచి పక్కకు వంచాను. బయటికి వచ్చింది. నేను రెండడుగులు వెనక్కి వేసి, అది లేచిపోవడం చూద్దామని నిలబడ్డాను. మా ఊళ్ళో ఐతే రెప్ప వేసేలోగా లేదు.

అది పోలేదు. చెవులు వీపుకు అంటించి నేలకు అదుముకుపోయింది. తర్వాత పొట్ట మీదే పాకుతూ నా దగ్గరికి వచ్చి, బూటు మీద గడ్డం ఆనించింది.

"పో" అన్నాను. చెయ్యి ఊపాను. పాదం మెల్లగా లాక్కున్నాను. మనిషి ఉన్నంతసేపు రాయిలా ఉండి, మనిషి పోయాక పరుగెత్తే జాతి కదా అనుకున్నాను. మలుపు దగ్గర వెనక్కి చూస్తే అక్కడే ఉంది. ఆ రోజు డైరీ: "ఉదయం మబ్బు. ఉప్మా. 6.50కి కుందేలును గుట్ట అంచున విడిచిపెట్టాను. వెళ్ళలేదు. నేను వచ్చేశాను. సాయంత్రం గాలివాన."

ఆ గాలివాన మా కిటికీ అద్దాలను అరగంట కొట్టింది.

శనివారం మనవరాలు రావాలి. అంతకుముందే వెళ్ళి చూసి, అది అక్కడ లేదని రాసుకుంటే చాలు, మనసు కుదుటపడుతుంది అనుకున్నాను. ఏడుంపావుకు చేరాను. గడ్డి కోసే మనిషి ఒకడు యంత్రం ఆపేసి, ముఖానికి కట్టుకున్న గుడ్డ దించి, కాలువ వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు. నలభై దాటినవాడు. ఫోనులో తెలుగులో మాట్లాడుతున్నాడు. నన్ను చూసి ఫోను పెట్టేశాడు.

"మనోళ్ళేనా అంకుల్? ఇటు జూడుండ్రి, పాపం."

కాలువ గట్టు పక్కన, నేను వదిలిన చోటుకు పదడుగుల్లో, అది ఉంది. ఒళ్ళంతా తడిసి బురద. ముందుకాళ్ళు ఒక చిన్న గుంతలో పెట్టుకుని కూర్చుంది. దాని చుట్టూ బారెడు మేర గడ్డి కోయకుండా వదిలేసి, మిగతాదంతా కోసేశాడు ఆ మనిషి.

"నిన్న పొద్దుగాల సంది గీడనే ఉన్నది. తవ్వుతాంది, తవ్వుతాంది, పాపం. గీ మన్ను రాయి లెక్క ఉంటది, గోర్లతోని ఏం తెగుతది? మాది కరీంనగర్ దిక్కు. మా దగ్గర కుందేలైతే ఎప్పుడో దుంకి పోతుండె. ఇది పెంపుడుది. ఇంట్లనే పుట్టింది, ఇంట్లనే పెరిగింది. గిసొంటిదాన్ని తెచ్చి ఈడ ఇడిశిపెట్టిండంటే, వాని చేతులు ఇరిగిపోను! ఉడుములున్నయి, కొండచిలువలున్నయి. రాత్రి ఎట్ల బతికిందో."

నేను వంగి దాని వీపు మీది బురద తుడిచాను.

"మీకు ఎరుకేనా అంకుల్, ఎవలదో?"

"చూస్తాను" అన్నాను. "డాక్టరు దగ్గరికి తీసుకెళ్తాను."

"పుణ్యం ఉంటది మీకు" అన్నాడు. తన నీళ్ళ సీసా తీసి, దాని ముందుకాళ్ళ మీద మట్టి కడిగి, నా చేతుల్లో పెట్టాడు. గోళ్ళు రెండు విరిగిపోయి ఉన్నాయి. మిగతావి అరిగి రక్తం చిమ్మాయి.

ఆ గుట్ట పక్కన చాలా ఏళ్ళ క్రితం మేం బోరు వేశాం. గ్రానైటు అరిగి ఏర్పడిన ఎర్రనేల, పైన మరలు తొక్కి గట్టిపరిచిన మట్టి. దెబ్బల లెక్క నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ నేలలోకి ఏదీ సులువుగా దిగదని ఈ ఊళ్ళో నాకంటే తెలిసినవాళ్ళు కొద్దిమందే.

పశువుల డాక్టరు చైనీస్ అమ్మాయి, మా అమ్మాయి కంటే చిన్నది. ఒళ్ళు వెచ్చజేసి, సూది వేసి, పొట్ట మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. కుందేలు తినడం మానితే పేగుల కదలిక ఆగిపోతుందనీ, ఆగితే మళ్ళీ మొదలుపెట్టడం కష్టమనీ ఇంగ్లీషులో చెప్పింది. ఎక్కడికి పోయిందని అడిగింది. తప్పిపోయిందన్నాను. ఆమె నా ముఖంలోకి చూసింది.

"అంకుల్, నెలకొకటి వస్తుంది ఇలా. గడ్డి ఉంది కదా బతుకుతుందిలే అని పార్కులో వదిలేస్తారు. అడవిలో ఉండే అసలు రాబిట్ కూడా బొరియ లేకుండా, తోడు లేకుండా రెండు రోజులు బతకదు. పరుగు దాని బలం కాదు. ఇంటి గుమ్మం దగ్గరుంటేనే దానికి ధైర్యం."

దాన్ని అక్కడే ఉంచి, కుందేలుకు ఒంట్లో బాగోలేదు, ఈ శనివారం పాపను తేవద్దని మా అమ్మాయికి ఫోను చేశాను. ఆదివారం మధ్యాహ్నం డాక్టరు నుంచి ఫోను వచ్చింది. పోయింది.

కుందేలు పొట్ట జబ్బుతో చనిపోయిందని మా అమ్మాయికి చెప్పాను. అందులో అబద్ధం లేదు. మనవరాలు ఫోనులో ఏడ్చింది. "మీరు బాగా చూసుకున్నారు తాతా, ఐ నో" అంది. ఆ మాటకు నేను ఏం జవాబు చెప్పానో డైరీలో లేదు.

ఆరు వారాల తర్వాత మా అమ్మాయి, మనవరాలు వచ్చారు. అమ్మ చీరలు ఇక తీసేద్దాం నాన్నా, కొన్ని నేను ఉంచుకుంటాను, మిగతావి ఎవరికైనా ఇద్దాం అంది. నేను హాల్లోనే కూర్చున్నాను. బీరువా తలుపు జరిపిన శబ్దం వినబడింది. కాసేపటికి మనవరాలి గొంతు.

"అమ్మా, డోంట్ టచ్! డోంట్ టచ్ లా! తాతా, కమ్ అండ్ సీ!"

వెళ్ళాను. అడుగు అరలో నూలు చీరలు గుండ్రంగా గూడులా చుట్టి ఉన్నాయి. లోపల ఎండుగడ్డి, మధ్యలో దోసెడు బొచ్చు, మెత్తగా, మంచు రంగులో. వేలితో తాకితే దిగబడిపోయింది. అందులో ఏమీ లేదు.

"తను నెస్ట్ చేసుకుంది" అంది మనవరాలు మెల్లగా. "బేబీస్ లేకపోయినా ఒక్కోసారి ఉన్నాయనుకుంటాయి. తవ్వుతాయి, గడ్డి నోట్లో పెట్టుకుని తిరుగుతాయి. ఇక్కడ ఫర్ తీసి బెడ్‌లో పెడతాయి" అని తన రొమ్ము మీద చెయ్యి పెట్టి చూపించింది. "అప్పుడు కేజ్‌లో పెడితే కోపం వస్తుంది, ఎందుకంటే నెస్ట్ బయట ఉంది కదా. సిక్ కాదు తాతా అది. మీరు చూడలేదా? చూసే ఉంటారు. మీరు అన్నీ రాస్తారు కదా."

నేను మంచం మీద కూర్చున్నాను. సోమవారం, మంగళవారం, బుధవారం, గురువారం. అది బయలు అడగలేదు. మా ఇంట్లో ఇల్లు కట్టుకుంది. నా భార్య చీరల్లో. ఆ ఇంటికి పోనివ్వమని చువ్వలు కొరికింది. నేను దాన్ని సంచిలో వేసుకుని ఇంటినుంచి తీసుకెళ్ళిపోయాను.

"ఆ పేజ్ చదవండి తాతా" అంది మనవరాలు. "తను ఎలా ఉందో వినాలని ఉంది."

డైరీ తెచ్చాను. ఆ పిల్ల తెలుగు వింటుంది, కొంచెం మాట్లాడుతుంది, చదవలేదు. నా పక్కన కూర్చుని, నేను చదివే వరుస కింద వేలు పెట్టింది. సోమవారం చదివాను. మంగళవారం చదివాను. "సీ? చెప్పాను కదా!" అంది. బుధవారం. గురువారం. వేలు శుక్రవారం మీదికి వచ్చింది. ఒక్క వరుస. దాన్ని వదిలేసి గాలివాన చదివితే ఆ పిల్లకు తెలియదు. ఈ ప్రపంచంలో ఎవరికీ తెలియదు.

నా భార్య అడిగింది ఒక తొట్టెడు మన్ను. అది తేలేదు. ఈ పిల్లకు ఈ వరుస కూడా ఇవ్వకపోతే ఇక నేను ఇవ్వగలిగింది ఏముంది?

"ఉదయం మబ్బు. ఉప్మా. ఆరు యాభైకి కుందేలును గుట్ట అంచున విడిచిపెట్టాను. వెళ్ళలేదు. నేను వచ్చేశాను" అని చదివాను.

వేలు అక్కడే ఆగిపోయింది.

"విడిచిపెట్టాను మీన్స్?" అంది. తెలుసు. అయినా అడిగింది.

గుమ్మంలో మా అమ్మాయి "నాన్నా" అంది. అంతే.

నేను గంప సంగతి చెప్పబోయాను. సగంలో ఆగిపోయాను. పదేళ్ళ పిల్లకు అది జవాబు కాదు.

"ఐ టోల్డ్ యూ" అంది మనవరాలు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఐ టోల్డ్ యూ, డిఫరెంట్ అని. మీరు రాసుకున్నారు కూడా." లేచి వెళ్ళి అమ్మ వెనక నిలబడింది.

తర్వాత మూడు శనివారాలకు నా డైరీలో ఒకే మాట ఉంది. పాప రాలేదు. పాప రాలేదు. పాప రాలేదు. ఆ రోజుల్లోనే నేను మొదటిసారి బీరువా తెరిచి పాత డైరీలు తిప్పాను. "మనది రెండోది" అన్న వరుస దొరికింది. తొట్టి సంగతి కూడా ఉంది: "మన్ను అడిగింది. వద్దన్నాను." మూడు మాటల్లో తేల్చేశాను.

నాలుగో శనివారం పొద్దున ఫోను చేసింది. "ఎగ్జాక్ట్‌గా ఎక్కడ, తాతా?"

మా అమ్మాయి పాపను మా బ్లాకు కింద దింపి, కారు దగ్గరే ఆగిపోయింది. మేమిద్దరం నడిచాం. నా చెయ్యి పట్టుకోలేదు. కాలువ పక్కన గడ్డి మళ్ళీ పెరిగింది, మళ్ళీ కోశారు. గుంత ఉంది. వానకు అంచులు కరిగి, అడుగున కొంచెం నీళ్ళు నిలిచి, ఎండిన ఆకొకటి పడి ఉంది. మనవరాలు మోకాళ్ళ మీద కూర్చుని ఆకు తీసేసింది. వేళ్ళతో మట్టి గీరింది. గోటికి ఎర్రటి గీత పడింది తప్ప మట్టి రాలేదు.

"సో హార్డ్" అంది. ఇంకా గట్టిగా గీరింది.

"మేం ఇక్కడే బోరు వేశాం" అన్నాను. "నాకు తెలుసు ఈ నేల."

తలెత్తి నన్ను చూసింది. మళ్ళీ గీరడం మొదలుపెట్టింది. మోచేతి దాకా చెయ్యి చాపి చూపించింది. "ఇంత లోతు కావాలి. ఇంత ఉంటే లోపలికి పోయేది. వాన పడేది కాదు."

నేను కాలువ గట్టు పట్టుకుని మెల్లగా కిందికి దిగాను. మోకాళ్ళు రెండూ నొప్పితో పట్టేశాయి. నా భార్య చాప మీద కూర్చోలేనివాణ్ణి ఆ బురదలో కూర్చున్నాను. నా గోళ్ళతో నేనూ గీరాను. ఒక పక్క ఆ పిల్ల, ఒక పక్క నేను. నా వేలు చివర చిట్లింది. ఆ పిల్ల చూసింది. ఆపమనలేదు.

ఆ సాయంత్రం డైరీ: "ఉదయం ఎండ. తిండి సరిగా లేదు. పాప వచ్చింది. గుంత లోతు రెండంగుళాలు. ఇద్దరం కలిసి తవ్వితే మరో అర అంగుళం."